పన్నెండు గదులకు ఒక గేటు

సెలీన్ ఎవరి మాటా వినదని కోరమండల్ లైన్లలో ఒక పేరుంది. అది శుద్ధ అబద్ధం. ఆమె అందరి మాటా శ్రద్ధగా వింటుంది, విన్నాక తనకు తోచిందే చేస్తుంది. ఈ రెండింటికీ తేడా ఏమిటో ఆమె మొగుడు జెరాల్డ్‌కు ముప్పైనాలుగేళ్ళ కాపురంలో బాగానే తెలిసివచ్చింది. అందుకే ఆయన ఇప్పుడు వాదించడు. పొద్దున్నే లేచి, ఆమెకు క్యారియర్ కట్టి, పైన చిన్న డబ్బాలో ఊరగాయ పెట్టి, "పోయిరా తల్లీ" అంటాడు.

లైన్లంటే కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో గనివాళ్ళకు కంపెనీ కట్టించిన ఇళ్ళ వరసలు. ఒక్క గది, ముందర నాలుగు మూరల చావడి, పక్కింటి గోడే మన గోడ. పక్కింట్లో తిరగమోత పెడితే మన ఇంట్లో తుమ్ములు. సెలీన్ తాత పలమనేరు పక్కనుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చి ఆ ఇంట్లో దిగాడు. ఆమె నాయన ఆర్థర్ అక్కడే పుట్టి, గనిలోకి దిగి, అక్కడే ముసలివాడయ్యాడు. సెలీన్ కూడా ఆ గదిలోనే పుట్టింది, పెళ్ళయ్యాక రెండు వరసలు దాటి జెరాల్డ్ ఇంటికి వెళ్ళింది. అంటే ఆమె పుట్టింటికీ మెట్టింటికీ మధ్య దూరం నూటఇరవై అడుగులు. "ఇల్లు ఇరకటం, ఆలి మరకటం" అని జెరాల్డ్ అప్పుడప్పుడూ గొణుగుతాడు. ఆ సామెత మొదటి సగం నిజమని సెలీన్ కూడా ఒప్పుకుంటుంది.

గని మూతపడ్డాక జెరాల్డ్ పెయింటు పనికి వెళ్ళాడు. తర్వాత ఆయాసం పట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే ఊరికే కాదు, వంట చేస్తాడు. ఆయన మిరియాల రసం పెడితే పక్క వరసవాళ్ళు గిన్నెలు పట్టుకుని వస్తారు. ఒక్కగానొక్క కూతురు బెంగుళూరులో నర్సు, మంచి అల్లుడు, దిగులు లేదు. ఇక సెలీన్ సంగతి. చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదామె. లైన్లలో ఆడవాళ్ళను కొందరిని కూడగట్టి టొమాటో కోతకు బయలుదేరింది.

అందరూ నవ్వారు. మూడు తరాలు మట్టి కింద బతికినవాళ్ళకు మట్టి మీద పని ఏం తెలుస్తుందని. నవ్వడంలో తప్పేమీ లేదు, మొదటి రోజు సెలీన్ చేసిన పని అలాంటిది. ముళబాగిలు దగ్గరి సీగేపల్లిలో మునీంద్ర అనే రైతు తోట. కోయమన్నారు కదా అని ఎర్రగా నిగనిగలాడే పండ్లన్నీ ఏరి ముప్పై బాక్సులు నింపింది. లారీ మద్రాసుకు పోయేది. దారి పొడవునా కుదుపులకు తట్టుకోవాలంటే దోరకాయలే కోయాలి, మాగినవి కోస్తే చేరేసరికి చట్నీ. మునీంద్ర తలపట్టుకున్నాడు. సెలీన్ మాత్రం ఏమీ జరగనట్టు, "పప్పులోకి ఇంగ టొమాటో కొనే పనిలేదు లేప్పా, ఊరంతటికీ పంచు" అంది. ఆ ధీమా చూసే మునీంద్ర ఆమెను పోనివ్వలేదు. ఇది తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఆమె పన్నెండు మంది జట్టుకు పెద్ద. కాయను కంటితో చూసి ఏ ఊరి లారీకి ఎక్కించాలో చెబుతుంది.

కష్టమంతా రాకపోకలతోనే. తెల్లవారుజామున నాలుగుకు కోరమండల్‌లో టెంపో ఎక్కాలి, బంగారుపేట దాటి సీగేపల్లి చేరేసరికి ఆరు. సాయంత్రం మళ్ళీ అంతే. ఆ టెంపో కూడా ముసలిదైపోయింది, మే నెలాఖరుకు దాన్ని తుక్కుకు ఇచ్చేస్తానని డ్రైవరు చెప్పేశాడు. వేరే బండి దొరకలేదు. బస్సులు ఆ వేళకు లేవు. జట్టులో సగం మంది అప్పుడే ఎవరి దారి వారు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

అప్పుడే మునీంద్ర ఒక ఆలోచన చేశాడు. ఊరి చివర తన పొలంలోనే అర ఎకరాలో పన్నెండు గదులు కట్టిస్తానన్నాడు. జట్టు అక్కడే ఉండవచ్చు, కుటుంబంతో సహా. సాగు భూమిలో ఇళ్ళు కట్టాలంటే తాలూకా ఆఫీసు అనుమతి కావాలి, అనుమతికి ముందు ఊరివాళ్ళ ఆక్షేపణలు వినాలి. సెలీన్ ఇంటికి వచ్చి ఈ మాట చెప్పగానే జెరాల్డ్ గరిటె కింద పెట్టేశాడు.

"నువ్వు ఆ ఊరికి పోతే నా గతేంది?"

"నువ్వూ వస్తావు. ఆడ గాలి మంచిది. నీ ఎదకు హాయిగా ఉంటాది."

"రసానికి మిరియాలు దొరుకుతాయా?"

"నీ మిరియాలు నువ్వే మోసుకోని రా" అంది సెలీన్. అంతటితో ఆ ఇంట్లో నిర్ణయం అయిపోయింది.

సీగేపల్లిలో మాత్రం అవలేదు. అక్కడ చిక్కవెంకటప్ప ఉన్నాడు. డెబ్బై ఏళ్ళు, పాల డెయిరీకి అధ్యక్షుడు, ఊళ్ళో పెద్దమనిషి. మనిషి చెడ్డవాడు కాడు, కానీ ఒకసారి నోటినుంచి మాట జారిందంటే దాన్ని వెనక్కు తీసుకోవడం ఆయన వంశంలో లేదు. ఒక ఏడాది ఉగాది రోజున పదిమందిలో, "ఈ యేడు వానల్లేవు, రాసిపెట్టుకోండి" అన్నాడట. ఆ ఏడు జూన్ నుంచే దంచికొట్టింది. ఊరంతా గొడుగులు పట్టుకుంటే ఆయన మాత్రం గొడుగు లేకుండా తడుస్తూ తిరిగి, జలుబు చేసి, పదిరోజులు మంచం ఎక్కాడు. ఆయన భార్య సొన్నమ్మ ఆ కథ ఎవరు అడిగినా చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది.

ఈ చిక్కవెంకటప్పకు గదులు నచ్చలేదు. బోరుబావుల్లో నీళ్ళు మనకే చాలడం లేదన్నాడు. ఎవరో ఏమో తెలియనివాళ్ళు ఊరి పక్కన చేరితే ఎట్లా అన్నాడు. ఆయన వెనక బచ్చప్ప అనే ఆయన ఇంకో అడుగు ముందుకేసి, ముందు ఇళ్ళు వస్తాయి, తర్వాత చర్చి వస్తుంది, ఆ తర్వాత ఓట్లు వస్తాయి అన్నాడు. ఒక ఆక్షేపణ పత్రం తయారైంది. డెయిరీ సెక్రటరీ గోపాలప్ప దాన్ని అట్టకు తగిలించి, పెన్ను దారంతో కట్టి, డెయిరీ అరుగు మీద పెట్టాడు. పాలు పోసేవాళ్ళు పోసిపోతూ సంతకం పెట్టాలని.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గని ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఒక జబ్బుంది. షిఫ్టుకు పోగానే మస్టరు, అంటే హాజరు సంతకం, పడాలి. మస్టరు పడకపోతే భూమి లోపల ఎనిమిది గంటలు రాళ్ళు కొట్టినా ఆ రోజు నువ్వు పనికి రానట్టే. ఆర్థర్ తన కూతురికి పరలోక ప్రార్థన కంటే ముందు నేర్పింది ఇదే. "పొద్దున్నే ఎవురు కాగితం పెట్టినా ముందు సైను చెయ్యి పాపా. ఏం కాగితమని తర్వాత అడుగు." సెలీన్ జట్టులో అందరూ అలాంటి ఇళ్ళవాళ్ళే. టెంపో ఆగేది డెయిరీ ముందు. మునీంద్ర దగ్గర హాజరు వేసే మేస్త్రీ తన పుస్తకాన్ని రోజూ ఆ అరుగు మీదే ఉంచుతాడు, అక్కడ లైటు ఉంటుంది కనుక. ఆ రోజు ఆయన రాలేదు, పుస్తకమూ రాలేదు. అరుగు మీద మాత్రం ఒక కాగితం, ఒక పెన్ను ఉన్నాయి.

ఇంకేముంది! సెలీన్ ముందు, ఆమె వెనక డయానా, ఆమె వెనక షెరిన్, ఆ వెనక తక్కిన తొమ్మిది మంది వరసగా నిలబడి, ఆవులిస్తూ, కాగితం మీద సంతకాలు పెట్టి తోటకు పోయారు. కొందరు ఇంగ్లీషులో పెట్టారు, కొందరు తమిళంలో. పైన కన్నడంలో ఏం రాసుందో ఒక్కరూ చూడలేదు. కాసేపటికి గోపాలప్ప పాలు కొలవడం ముగించి బయటికి వచ్చి చూస్తే కాగితం నిండిపోయి ఉంది. నలభై ఒక్క సంతకాలు! ఊళ్ళో ఇంత ఐకమత్యం ఉందని ఆయన అనుకోలేదు. సంతోషం పట్టలేక అలాగే తీసుకుపోయి చిక్కవెంకటప్ప చేతిలో పెట్టాడు. ఆయనకు కళ్ళజోడు పెట్టుకోవడమంటే నామోషీ. సంఖ్య విని, మీసం దువ్వి, కాగితాన్ని తాలూకా ఆఫీసుకు పంపేశాడు.

ఏప్రిల్ మూడో వారంలో పంచాయతీ ఆఫీసులో విచారణ పెట్టారు. సెలీన్ ఆ పూట పని మానుకుని, డయానానూ షెరిన్‌నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. తన జట్టు తరఫున నాలుగు మంచి మాటలు చెబుదామని పెట్టెలోంచి గంజిపెట్టిన చీర తీసి కట్టుకుంది. హాలు నిండా ఊరి మగవాళ్ళు, కిటికీల దగ్గర ఆడవాళ్ళు. గోడకు గదుల నక్షా అంటించి ఉంది.

ఆ నక్షాను సెలీన్ అప్పుడే మొదటిసారి చూడటం. ముచ్చటగానే ఉంది. పన్నెండు గదులు, ప్రతిదానికీ వెనక ఒక బాత్‌రూము, ముందర చిన్న వసారా. ఆమె మనసులోనే ఒక గది ఎంచుకుంది, తూర్పు కొసనున్నది, జెరాల్డ్‌కు పొద్దుటి ఎండ తగులుతుందని. అప్పుడు గదుల చుట్టూ గీసిన మందపాటి గీత కనబడింది.

"ఇదేంది డయానా?"

డయానా పీయూసీ చదివిన పిల్ల. వేలు పెట్టి చదివింది. "కాంపౌండు ఆంటీ. ఎనిమిది అడుగులు. ఇది గేటు. రాత్రి ఏడు గంటలకు బయట తాళం వేయబడును అని రాసినారు."

"బయటా?"

"బయట అనే ఉండాది."

సెలీన్ వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంది. అక్కడ కూర్చున్నంతసేపూ ఆమె చూపు ఆ గీత మీదే ఉంది.

విచారణకు వచ్చిన అధికారిణి పేరు శశికళ. నలభై ఏళ్ళుంటాయి, తక్కువ మాట్లాడుతుంది, ప్రతి మాటా గుమాస్తా చేత రాయిస్తుంది. మొదట చిక్కవెంకటప్పను లేపింది.

"ఈ నలభై ఒక్క మందీ ఎవరండీ?"

"అందరూ మా ఊరోళ్ళే మేడం. ఒక్కొక్కరి మొగమూ నాకు తెలుసు. నా కండ్ల ముందరే సైన్లు చేసినారు."

"ఈ మాట రాసుకోమంటారా?"

"రాసుకోండి. చిక్కవెంకటప్ప అబద్ధం చెప్పడు."

గుమాస్తా రాశాడు. చిక్కవెంకటప్ప దాని కింద పెద్దగా సంతకం గీసి, హాలంతా ఒకసారి కలియజూసి కూర్చున్నాడు. శశికళ పేర్లు చదవడం మొదలుపెట్టింది, పేరు పిలవగానే చెయ్యి ఎత్తాలని చెప్పి. ఓబలప్ప, బచ్చప్ప, గోపాలప్ప, ఇలా ఇరవై తొమ్మిది మంది చేతులు ఎత్తారు. ముప్పయ్యో పేరు దగ్గర ఆమె ఆగి, కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది ఇంగ్లీషులో ఉందే. సెలీన్. సెలీన్ ఎవరు?"

"ఉండాను మేడం" అని సెలీన్ చెయ్యి ఎత్తేసింది. ఎత్తిన తర్వాతగానీ తన పేరు ఆ పట్టీలో ఎందుకుందన్న అనుమానం రాలేదు.

"డయానా."

"ఉండాను."

"షెరిన్."

షెరిన్ సిగ్గుతో లేచి నిలబడింది. కిటికీ దగ్గర ఎవరో ఆడమనిషి కిసుక్కుమంది, ఇక పట్టపగ్గాల్లేవు. గోపాలప్ప నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. మునీంద్ర నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"మీకోసం కట్టే గదుల్ని మీరే వద్దన్నారా?" అంది శశికళ. నవ్వు ఆపుకోవడానికి ఆమె కాగితాలు సర్దుకోవలసి వచ్చింది.

సెలీన్‌కు చెవులు వేడెక్కిపోయాయి. ఎంత సిగ్గు! అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది, మస్టరు సంగతి, ఆర్థర్ నేర్పిన బుద్ధి, అరుగు మీది కాగితం. "మా నాయన ముందు సైను చెయ్యమన్నాడు మేడం. తర్వాత అడగమని కూడా అన్నాడు. నేను ఆ రెండోది మరిచినాను."

ఊరివాళ్ళు కూడా నవ్వారు, ఈసారి కాస్త మెత్తగా. శశికళ పెన్ను తీసింది. "పోనీలెండి. పొరపాటున పెట్టాం, ఆక్షేపణ వాపసు తీసుకుంటున్నాం అని ఒక్క మాట చెప్పండి. కొట్టేస్తాను."

ముందు వరసలోంచి మునీంద్ర వెనక్కు తిరిగి, చెప్పమ్మా, చెప్పు అని కళ్ళతోనే బతిమాలుతున్నాడు. సెలీన్ నోరు తెరిచింది. చెప్పేస్తే అయిపోతుంది. గదులు వస్తాయి, జట్టు నిలుస్తుంది, తెల్లవారుజామున చలిలో నిలబడే పని తప్పుతుంది. చెప్పకపోతే? మునీంద్రకు విసుగెత్తి అసలు గదులే వద్దంటే? వచ్చే నెలాఖరుకు టెంపో పోతుంది, దాంతో పన్నెండు ఇళ్ళ పొయ్యిలూ పోతాయి. ఆ భయంలోనే గోడ మీది గీత కనబడింది, దాని వెనక నిలబడి ఎగశ్వాసతో పెనుగులాడే జెరాల్డ్ కూడా కనబడ్డాడు.

"వాపసు తీసుకోను మేడం" అంది.

"ఏమమ్మా!" అని మునీంద్ర లేచిపోయాడు. "నోటికాడి కూడు కాలదన్నుకుంటావా?"

"నువ్వు కూర్చోప్పా. నీ మీద నాకు కోపం లేదు. గదులు బాగుండాయి. మా తాత దిగిన ఇంటికంటే నాలుగింతలు బాగుండాయి." సెలీన్ అధికారిణి వైపు తిరిగింది. "మేడం, మా లైన్లు ఎట్లాంటివంటే వానొస్తే లోపలే తడుస్తాము. నీళ్ళ కొళాయికాడ జుట్టు పట్టుకుంటాము. అన్నీ ఉండాయి. అయితే నేను బుద్ధెరిగినప్పటి నుంచి మా ఇంటికి బయట తాళమేసి పొయ్యినోడు ఒక్కడూ లేడు. మా ఆయనకు ఆయాసం. అర్ధరాత్రి ఎగదన్నితే ఆస్పత్రికి ఎత్తుకోని పోవల్ల. ఆ గేటు బీగంచెవి యాడుంటాది? మేస్త్రీ జేబులో. మేస్త్రీ యాడుంటాడు? ముళబాగిలులో వాళ్ళింట్లో పండుకోని ఉంటాడు. ఆ రాత్రి నేనేం చెయ్యల్ల మేడం? గోడ దూకల్లా? రాత్రికి తాళమేసేది గొడ్లకు. గొడ్లకు కూడా మా ఊర్లో ఎయ్యరు. ఆ గేటు తీసేస్తే నా సైను తీసేసుకుంటాను. లేదంటే ఉండనీండి. పొరపాటున పడినా మంచి చోటే పడింది."

ఇంత పొడుగు మాట ఆమె ఏ అధికారి ముందరా మాట్లాడి ఉండలేదు. కూర్చున్నాక డయానా ఆమె చెయ్యి పట్టుకుంది.

మునీంద్ర ముఖం మాడిపోయింది. "గేటు నేను కోరుకున్నది కాదు మేడం. ఊర్లో పెద్దోళ్ళు గొడవ చేస్తారని, వాళ్ళ సమాధానానికి పెట్టినాను. వాళ్ళు వద్దంటే నాకు ఇటికెల ఖర్చు మిగులుతాది."

శశికళ చిక్కవెంకటప్ప వైపు చూసింది. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. "ఆ పన్నెండు సైన్లు చెల్లవు మేడం. వాళ్ళు మా ఊరోళ్ళు కారు. బయటోళ్ళు. బయటోళ్ళకు గేటు ఉండాల్సిందే."

శశికళ గుమాస్తాకు సైగ చేసింది. గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు: "ఈ నలభై ఒక్క మందీ మా ఊరివాళ్ళే. ఒక్కొక్కరి ముఖమూ నాకు తెలుసు. నా కళ్ళ ముందరే సంతకాలు చేశారు. చిక్కవెంకటప్ప అబద్ధం చెప్పడు."

"ఈ ఆఖరి వాక్యం కూడా రాసినావా?" అన్నాడు చిక్కవెంకటప్ప.

"మీరే కదా సార్ రాసుకోమన్నారు."

"చెప్పండి" అంది శశికళ. "వాళ్ళు బయటివాళ్ళయితే మీరు ఇచ్చిన ఈ వాంగ్మూలం తప్పు. తప్పని రాసి సంతకం పెట్టండి, ఆ పన్నెండూ కొట్టేస్తాను. మీ మాట నిజమైతే వాళ్ళు మీ ఊరివాళ్ళు. మీ ఊరివాళ్ళకు గేటు ఎందుకో నాకు చెప్పాలి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చిక్కవెంకటప్ప తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఊరంతా ఆయన వైపే చూస్తోంది. కిటికీలోంచి సొన్నమ్మ గొంతు వినబడింది. "చెప్పు మరి. ఇప్పుడేమన్నా వానొస్తా ఉందా తడిసేదానికి?"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. చిక్కవెంకటప్ప భార్య వైపు ఉరిమి చూశాడు. తర్వాత సెలీన్ వైపు చూశాడు, పరీక్షగా, గంజిపెట్టిన చీరనూ, చేతులకు ఎంత కడిగినా వదలని టొమాటో ఆకు పసరునూ. తొమ్మిదేళ్ళుగా రోజూ తన డెయిరీ ముందు దిగే మనిషి. ముఖం తెలుసన్నది మాత్రం అబద్ధం కాదు.

"మా ఊరోళ్ళే" అన్నాడు చివరికి. "నేను చెప్పింది చెప్పినట్టే. చిక్కవెంకటప్ప ఒక మాట అన్నాడంటే అన్నట్టే."

"గేటు?"

"మా ఊర్లో యా ఇంటికీ గేటు లేదు. వీళ్ళకు మాత్రం ఎందుకు?" అని, ఇది మొదటినుంచీ తన అభిప్రాయమే అయినట్టు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

బచ్చప్ప ఊరుకోలేదు. "మరి చర్చి సంగతి?"

"ఆదివారం ఒక పూట దొరికితే మేము కోరమండల్‌కు పోయి మా చర్చికే పోతామప్పా" అంది సెలీన్. "ఇంగొకటి కట్టే తీరిక మాకు యాడుండాది? మీ టొమాటోలు ఎవురు కోసేది?" బచ్చప్ప కూర్చున్నాడు. ఆయనకు కూడా రెండెకరాల టొమాటో ఉంది. నీళ్ళ మాట వచ్చినప్పుడు మాత్రం శశికళ నవ్వలేదు. అది న్యాయమైన మాటే అంది. గదులకు నీళ్ళు మునీంద్ర సొంత బోరు నుంచే ఇవ్వాలని, ఊరి బోరును ముట్టకూడదని షరతు రాయించింది. దాని కింద ఇంకో షరతు, కాంపౌండు గేటు ఉండకూడదని. సెలీన్‌ను పిలిచి జట్టు తరఫున ఆక్షేపణ వాపసు కాగితం మీద సంతకం పెట్టించుకుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు అంతా ముగిసింది. అనుమతి పత్రం వారంలో వస్తుందని చెప్పి జీపెక్కి వెళ్ళిపోయింది.

పంచాయతీ ఆఫీసు మెట్ల దగ్గర షెరిన్ అప్పుడే ఫోను తీసి తక్కిన తొమ్మిది మందికీ కబురు చెబుతోంది. సొన్నమ్మ ఎక్కడినుంచో చెంబుతో మజ్జిగ తెచ్చి ముగ్గురికీ పోసింది. సెలీన్ తాగి, చెంగుతో మూతి తుడుచుకుంది. లోపల ఏదో బరువు దిగినట్టుంది. జెరాల్డ్‌కు ఈ కథంతా ఎలా చెప్పాలా అని అప్పుడే అల్లుకుంటోంది. ఆ మస్టరు ముక్క విన్నాడంటే ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంటాడు.

అంతలో చిక్కవెంకటప్ప వచ్చాడు. వచ్చి కాస్త దూరంలో ఆగి, సెలీన్ వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఊరోళ్ళు అనిపించుకున్నాక ఊరి కట్టుబాటు ఉంటాది. తెలుసునా?"

"చెప్పండి సామీ."

"వానలకు ముందు రాజకాలువ పూడిక తియ్యల్ల. చెరువులోకి నీళ్ళొచ్చేది దాంట్లోనే. ఇంటికొక మనిషి పార ఎత్తుకోని రావల్ల. సాకులు పనికిరావు. మే నెలలో రెండో ఆదివారం."

"ఆదివారం చర్చి ఉంటాది కదా. సోమవారం పెట్టుకోండి."

"సోమవారం ఎద్దులకు సెలవు. మా తాత కాలం నుంచి సోమవారం ఎద్దును కట్టేది లేదు. మట్టి తోలేదెట్లా?"

"అయితే మంగళవారం."

చిక్కవెంకటప్ప మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. ఊరి పని రోజు మార్చమని తనను అడిగిన మనిషి ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. "మంగళవారమే కానీ. ఏడు గంటలకల్లా ఉండల్ల. గదులు ఇంకా లేవలేదు కదా అని తప్పించుకుంటారేమో, నేను పన్నెండు మందినీ లెక్కలో పెట్టుకుంటాను" అని చెప్పి, వెనక్కు తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

సెలీన్ అక్కడే నిలబడిపోయింది. యాభై అయిదేళ్ళ బతుకులో ఆమెను పనికి పిలవనివాళ్ళు లేరు. కాయ కోయమని పిలిచారు, కలుపు తీయమని పిలిచారు, బాక్సులు మోయమని పిలిచారు. ఇలా మాత్రం ఎవరూ పిలవలేదు. ఆమె తాతనూ పిలవలేదు, ఆర్థర్‌నూ పిలవలేదు. కళ్ళు చెమర్చాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు ఆమెకు.

డయానా పక్కకు వచ్చి, ఆయన పోయిన వైపు చూస్తూ మెల్లగా అడిగింది. "ఆంటీ, ఆ కాలువ పనికి కూలి ఎంత ఇస్తారంట?"

"కూలి లేదు పాపా" అంది సెలీన్, నవ్వుతూ, ఏడుస్తూ. "మనూరి పనికి కూలేంది?"